లెంట్ సీజన్ రేటు

చెన్నైలో చర్చిలు చూద్దామనుకునే మనవాళ్లకి ముందుగా ఒక్క మాట. "లాడ్జి మన విశ్వాసులదే, ఏం భయం లేదు" అని ఎవరు చెప్పినా సరే, గది కళ్లతో చూడకుండా రూపాయి పంపకండి. మా పెద్ద బావమరిది వాళ్ల ఊళ్లో ఎవరో చెప్పారని ఫోన్లోనే రెండు ఏసీ గదులు మాట్లాడి, గది 1,450 చొప్పున ఒప్పుకుని, 2,000 అడ్వాన్సు కొట్టేశాడు. మేం ఒంగోల్లో పినాకిని ఎక్కి, మధ్యాహ్నం మండే ఎండలో ఎగ్మూరు సందుల్లో ఆ లాడ్జి వెతుక్కుని చేరేసరికి కౌంటర్లో కుర్రాడు గది 2,100 అన్నాడు. అదేంటయ్యా అంటే లెంట్ సీజన్ రేటట! లెంటంటే ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాలు, వాటికి సీజన్ రేటు పెట్టినవాళ్లని నేను ఎక్కడా చూడలేదు. పైగా వాడి తలపైన గోడకి మత్తయి 11:28 ఫ్రేము, భారం మోసేవాళ్లంతా రండి విశ్రాంతి ఇస్తానని. ఎదురుగా పెట్టెలు మోసుకుంటూ మేం.

గది సంగతి చెప్పాలి. ఏసీ రిమోట్‌కి 300 డిపాజిట్. బాత్‌రూమ్ తలుపుకి గడియ లేదు, నీళ్ల బకెట్ అడ్డం పెట్టుకోవాలి. దిండు గలీబు మీద తల ఆనించేచోట కొబ్బరినూనె మరక ఉంది, మార్చమంటే కుర్రాడు వచ్చి, దిండు తిరగేసి పెట్టి, దులిపినట్టు రెండు దెబ్బలు కొట్టి వెళ్లిపోయాడు. మా ఆవిడ ఆ రాత్రి తన చున్నీ పరుచుకుని పడుకుంది, నాతో మాట్లాడలేదు. బుక్ చేసింది వాళ్ల అన్నయ్య, అలిగింది నా మీద. మా అమ్మ మాత్రం తేల్చేసింది: "చూడక నమ్మినవాళ్లు ధన్యులని ప్రభువు తన శిష్యుడు తోమాతో అన్నమాట నిజమే గానీ, అది లాడ్జిల గురించి కాదురా."

అసలు వచ్చింది అత్తగారి కంటి చెకప్‌కి. అది మర్నాడు పదకొండుకల్లా అయిపోయింది, అంతా బాగుందన్నారు. మిగిలిన రోజంతా ఈ ఊళ్లోనే చనిపోయాడని చెప్పే తోమా ఆనవాళ్ల వెంట తిరగాలని ఆవిడ ముందే అనుకుని వచ్చారు. ఆవిడ చిన్నబ్బాయి కువైట్లో ఉన్నాడు, కంపెనీ నెలల తరబడి జీతం ఇవ్వడం లేదు, పాస్‌పోర్టు కూడా వాళ్ల దగ్గరే. అత్తగారు ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్, వెళ్లిన ప్రతిచోటా వాడి పేరున కొవ్వొత్తి. మా అమ్మ బాప్తిస్టు, కొవ్వొత్తులన్నా సమాధులన్నా పడదు. పొద్దున్నే లేచి మోకాళ్ల మీద ప్రార్థన, రాత్రి ఒక అధ్యాయం, భక్తి అంటే ఆవిడకి అంతే. ఇద్దరి మధ్యా ఆటోలో నేను.

శాంతోమ్ బాసిలికాకి ప్రవేశం ఉచితం. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో కట్టిన గుడి స్థానంలో ఇప్పటి తెల్లటి గోథిక్ కట్టడం 1890ల్లో లేచింది. తోమా సమాధి ఉన్న కింది గదికి దారి వేరే, చర్చి లోపల వెతక్కండి. కింద చల్లగా, నిశ్శబ్దంగా ఉంది, అత్తగారు చాలాసేపు కదల్లేదు. అమ్మ నా చెవిలో, "ఎముకలు ఎప్పుడో ఎదెస్సాకి, అక్కణ్నుంచి ఇటలీకి పోయాయంట కదరా, ఇక్కడ ఏముందని?" అంది. నిజమే, 1258 నుంచి అవి ఇటలీలోని ఒర్తోనాలో ఉన్నాయని అక్కడివాళ్లు చెప్తారు. కానీ చూస్తేగాని నమ్మనన్న మనిషి సమాధి దగ్గర, చూడ్డానికేమీ లేకపోయినా జనం కూర్చుని కొడుకుల కోసం, అప్పుల కోసం ప్రార్థన చేసుకుంటున్నారు. నాకైతే అదే నచ్చింది, అమ్మకి చెప్పలేదు.

ఆ రోజు లెంట్ శుక్రవారం, అత్తగారు మాంసం ముట్టరు, చేప తింటారు. చర్చికి కాస్త దూరంలో ఒక చిన్న మెస్సులో భోజనం 120, వంజరం వేపుడు ముక్క 180. ఈ ప్రయాణంలో పూర్తిగా డబ్బులకి తగ్గది ఇదొక్కటే. ముక్క అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా, పెనం మీంచి నేరుగా ఆకులోకి. వడ్డించే ఆవిడ మా మాట విని తెలుగులోకి దిగిపోయింది, అడక్కుండానే పులుసు రెండోసారి పోసింది. మామిడికాయ లేని పులుసేంటని అమ్మ అంది గానీ, ఆకులో మెతుకు మిగల్చలేదు.

తర్వాత పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ కొండ. ఎగ్మూరు నుంచి మెట్రో నేరుగా ఉంది, ఎంత దూరమైనా గరిష్ఠ ఛార్జీ 50 దాటదు. కొండ మీదికి మెట్లున్నాయి, పొడవునా సిలువ మార్గం స్థలాలు, అంటే యేసు సిలువ మోసిన ఘట్టాల బొమ్మలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కారు దారి కూడా ఉంది, స్టేషన్ దగ్గర ఆటో 150 అడిగితే 100కి ఒప్పుకున్నాడు. తోమాని క్రీ.శ. 72లో ఇక్కడే పొడిచి చంపారని సంప్రదాయం. పైనున్నది నిరీక్షణ మాత గుడి, పండుగ డిసెంబరు 18న. "కాన్పు కోసం ఎదురుచూసిన తల్లి కదా, నా బిడ్డ సంగతి ఆమెకి చెప్పక్కర్లేదు" అన్నారు అత్తగారు.

పీఠం మీది రాతి సిలువ 1547లో పునాది తవ్వుతుంటే దొరికిందట, చుట్టూ పహ్లవీ అనే పాత పర్షియా అక్షరాలు. 1558 నుంచి 1704 దాకా అప్పుడప్పుడూ రక్తం చెమర్చిందని చెప్తారు. అమ్మ దానికి తలూపలేదు గానీ, సిలువ మీద యేసు బొమ్మ లేదని గమనించి, "ఇది మన సిలువలాగే ఉంది" అని మొదటిసారి మెచ్చుకుంది. బయట గాలికి అత్తగారి కొవ్వొత్తి రెండుసార్లు ఆరింది. మూడోసారి అమ్మే విసుక్కుంటూ, "ఇటు తిరగండి వదినగారూ, గాలి అటునుంచి" అని కొంగు అడ్డం పెట్టింది. అక్కణ్నుంచి ఎయిర్‌పోర్టు రన్‌వే కనిపిస్తుంది. విమానం లేచినప్పుడల్లా అత్తగారు అది కువైటుకేనా అని అడిగారు.

తోమా దాక్కున్నాడని చెప్పే చిన్నమలై (లిటిల్ మౌంట్) గుహకి కూడా మెట్రోలోనే వెళ్లొచ్చు, ఆలందూర్లో మారాలి. గంట చాలు. బీసెంట్ నగర్ వేళాంగణి మాత గుడికి సాయంత్రం వెళ్లండి. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా మాత్రం వద్దు, ఉత్సవాల జనంలో పెద్దవాళ్లు నిలబడలేరు.

రెండో రాత్రికి మేం పరంగిమలై మెట్రో దగ్గర వేరే లాడ్జికి మారాం. గది 1,300, దుప్పటి ఉతికింది, కౌంటర్ మీద ఏ వచనమూ లేదు. పాత లాడ్జివాళ్లు రిమోట్ డిపాజిట్ 300, ఉండని రాత్రికి పట్టుకున్న అడ్వాన్సు 1,000 ఇంకా ఇవ్వాలి. అడిగినప్పుడల్లా "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, మీకోసం ప్రార్థిస్తున్నాం" అని దండాల బొమ్మ పెడుతున్నారు. నేను బావమరిదిని అడుగుతున్నాను, వాడు ఊళ్లో చెప్పినాయన్ని అడుగుతున్నాడు, ఆయన ఫోన్ ఎత్తడం లేదు.