61 కీల కీబోర్డా, 88 కీల డిజిటల్ పియానోనా?

అసలు తేడా కీల లెక్కలో కన్నా వేలికి తగిలే బరువులో ఉంది. డిజిటల్ పియానోలో ప్రతి కీకీ ఒక చిన్న సుత్తి ఉంటుంది. చాలా మోడళ్లలో ఎడమవైపు కీలు బరువుగా, కుడివైపువి తేలిగ్గా ఉంటాయి. కీబోర్డు కీలు మాత్రం స్ప్రింగు బలంతో లేస్తాయి. వాటికే అలవాటుపడిన చేతికి అసలు పియానో మీద మెల్లని స్వరాలు సరిగా పలకవు, చిటికెన వేలు తొందరగా అలిసిపోతుంది. పియానో పాఠాలే లక్ష్యమైతే 88 కీలదే తీసుకోండి.

పాటలకు తోడుగా వాయించడానికి, రకరకాల వాద్యాల ధ్వనులకు, లయ ప్యాటర్నులకు 61 కీలు, అంటే ఐదు ఆక్టేవులు (స నుంచి పై స దాకా ఒక ఆక్టేవు), చాలు. స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రం కూడా ఎక్కువగా వీటిలోనే దొరుకుతుంది. మోయడం సులువు, సుత్తి కీల 88 సాధారణంగా 10 కిలోలు దాటుతుంది.

టచ్ సెన్సిటివిటీ లేని చవక కీబోర్డు మాత్రం వద్దు. ఎంత గట్టిగా నొక్కినా ఒకే శబ్దం వస్తుంది.

దేనికైనా సస్టైన్ పెడల్ (తొక్కినంతసేపు స్వరాన్ని సాగదీసే పెడల్) విడిగా కొంటే, తొక్కనప్పుడే స్వరం సాగుతోందా? పెడల్ పాడైందనుకోకండి, పొలారిటీ, అంటే తొక్కడాన్నీ వదలడాన్నీ గుర్తించే తీరు, తిరగబడి ఉండొచ్చు. పవర్ ఆపి, కాలు తీసి, మళ్లీ ఆన్ చేస్తే చాలా మోడళ్లు సర్దుకుంటాయి.