స్కాన్లు సున్నా ఉన్న ఇండెక్సు

ఏళ్ల తరబడి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నాను. ప్రతి క్వెరీని (డేటా కోసం అడిగే ప్రశ్నని) ఏ దారిలో నడపాలో తేల్చే దాని ప్లానర్ అంటే గౌరవమే. ఒక్క విషయంలో మాత్రం కోపం పోలేదు. టేబుల్‌లో వెతుకులాట వేగంగా సాగడానికి పెట్టుకునే ఇండెక్సు ఒకటి ఉండగా, అలాంటిదే ఇంకోటి, అవే కాలమ్‌లతో, వేరే పేరుతో పెడితే పోస్ట్‌గ్రెస్ నోరెత్తదు. మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ కనీసం హెచ్చరిస్తుంది.

మా పెద్ద టేబుల్‌లో ఇన్సర్టులు, అంటే కొత్త వరుసలు చేర్చడం, నెమ్మదించాయి. చేర్చే ప్రతి వరుసనీ ఇండెక్సుల్లోనూ రాయాలి కదా. ఇండెక్సుల గణాంకాలు తెరిస్తే ఒకదానికి స్కాన్లు (దాన్ని వాడిన సార్లు) సున్నా, మరోదానికి లక్షల్లో ఉన్నాయి. నిర్వచనాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ పొల్లుపోకుండా ఒకటే! సున్నా ఉన్నది పాతది. ఖర్చు అంచనా సరిసమానంగా వస్తే ప్లానర్ ముందు చూసినదాన్నే ఉంచుకుంటుంది, దాని జాబితాలో కొత్త ఇండెక్సే ముందుంటుంది. అంతకుమించి కారణం లేదు.

ప్రొడక్షన్‌లో తీసేయాలంటే టెన్షన్ కదా, వాయిదా వేశాను. కొన్ని వారాలకు నిర్వహణలో భాగంగా ఆ పాతదానికి రీఇండెక్స్, అంటే మొదటినుంచి మళ్లీ కట్టడం, జరిగింది. అంతే, ఇంతనుంచి ఇంతవరకు అని అడిగే రేంజ్ క్వెరీలన్నీ దానిమీదకి మళ్లాయి. అప్‌డేట్లతో ఉబ్బిపోయిన కొత్తదానికంటే దాని పేజీలు (డిస్కులో అది పట్టే బ్లాకులు) తగ్గాయి, ఖర్చు అంచనా కాస్త తగ్గింది. ప్లానర్‌కి ఆ కాస్త చాలు. లక్షల్లో ఉన్న లెక్క దాదాపు నిలిచిపోయింది, సున్నా ఉన్నది పరుగెత్తింది.

స్కాన్లు లేని ఇండెక్సు తీసెయ్యమని కొత్తవాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. సున్నా అంటే పోటీలో ఓడిందని కూడా కావచ్చు. దీనికి తిరగేసిన సంగతీ ఉంది. కస్టమర్ ఐడీ మీద ఒకటి, కస్టమర్ ఐడీతో పాటు తేదీ మీద ఇంకోటి ఉంటే, ఐడీతో వెతికే క్వెరీలు చాలావరకు చిన్నదానికే వెళ్తాయి. తెగ వాడుతున్నట్టు కనిపించే ఆ చిన్నదే అదనం కావచ్చు, దాని పని పెద్దది చేసిపెట్టగలదు.

నాకు ఊరటనిచ్చింది ట్రాన్సాక్షన్, అంటే ఖాయం చేసేలోపు వెనక్కి తీసుకోగల మార్పుల కట్ట. బిగిన్ చేసి, ఇండెక్సు డ్రాప్ చేసి, ప్లానర్ ఎంచుకున్న దారిని చూపే ఎక్స్‌ప్లెయిన్ చూసి, రోల్‌బ్యాక్‌తో అంతా వెనక్కి తీసుకోవచ్చు. ప్లానర్ రెండో ఎంపిక ఏమిటో కళ్లముందుంటుంది. కాకపోతే అంతసేపూ టేబుల్‌కి పూర్తి లాక్ పడుతుంది, ఇంకెవరూ దాన్ని చదవలేరు, రాయలేరు, అందుకే నేను టెస్ట్ కాపీలోనే చేస్తాను.

చివరికి కవలల్లో ఒకటి, ఆ చిన్నది, రెండూ తీసేశాం. ఇన్సర్టులు తేలికపడ్డాయి. మాది రాతలు ఎక్కువ ఉన్న టేబుల్ కాబట్టి సరిపోయింది. చదవడమే ఎక్కువైతే చిన్నదాన్ని ముట్టుకునేవాణ్ణి కాదేమో. ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి ఒకే విలువలు పదేపదే వచ్చే ఇండెక్సులు బాగా కుదించుకుంటున్నాయి, అలాంటివి మెమరీలో సులువుగా ఇమిడిపోతాయి.