ఐన్‌స్టీన్ ఎడ్యుకేటర్ ఫెలోషిప్: సైన్స్ టీచరుకు వాషింగ్టన్‌లో 11 నెలలు

స్కూల్లో సైన్స్, లెక్కలు, ఇంజనీరింగ్, కంప్యూటర్ చెప్పే అనుభవమున్న టీచర్ని 11 నెలలపాటు వాషింగ్టన్‌లోని ప్రభుత్వ కార్యాలయంలో కూర్చోబెట్టే పథకం ఇది. పూర్తి పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ డిస్టింగ్విష్డ్ ఎడ్యుకేటర్ ఫెలోషిప్. 1990లో మెకార్థర్ ఫౌండేషన్ సాయంతో మొదలైంది. 1994లో చట్టం వచ్చాక అమెరికా ఇంధన శాఖ చేతికి వెళ్లింది. దరఖాస్తుల దగ్గర్నుంచి స్టైపెండ్ దాకా ఒరైజ్ అనే సంస్థ చూసుకుంటుంది. ఐన్‌స్టీన్ పేరుతోనే ఖగోళ పరిశోధకులకు నాసా ఇచ్చిన ఫెలోషిప్ వేరు, ఆ రెండింటినీ కలిపి వెతికితే తికమకే.

ప్రభుత్వం సైన్స్ చదువు గురించి ఎలా ఆలోచిస్తుందో, డబ్బు ఎటు పంపాలో ఎలా తేలుస్తుందో లోపలినుంచి చూడాలనుకునే టీచరుకు ఇది చాలా గొప్ప అవకాశం. రేపు క్లాసులో వాడుకునే ప్రయోగాల కోసమైతే వేసవి వర్క్‌షాపులే మేలు.

ముందు అర్హత. అమెరికా పౌరసత్వం తప్పనిసరి. జె-1, హెచ్-1బి వీసాల మీద అక్కడి స్కూళ్లలో చెబుతున్న మన టీచర్లకు ఇది వర్తించదు, గ్రీన్ కార్డు కూడా సరిపోదు. గత ఏడేళ్లలో కనీసం ఐదేళ్లు పూర్తికాలం పాఠం చెప్పి ఉండాలి, ఇప్పుడూ స్కూలు ఉద్యోగంలోనే ఉండాలి. గడువు సాధారణంగా అక్టోబరులో. మూడు సిఫారసు లేఖల్లో ఒకటి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థ) అధికారిది కావాలి. దరఖాస్తు ఇక్కడే ఆగిపోవచ్చు. బడులు తెరిచే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ అధికారులకు ఊపిరాడదు, కాబట్టి లేఖ వేసవిలోనే అడిగిపెట్టుకోవాలి. దరఖాస్తుతో పంపే వ్యాసాల్లో చేసే పొరపాటు అవార్డులు ఏకరువు పెట్టడం. మీ క్లాసులో కనబడిన ఒక సమస్య దేశమంతటా ఎందుకు ఉందో, దానికి ఏ విధానం కారణమో రాస్తే చదివేవాళ్లు ఆగుతారు.

ఏడాది ఎలా గడుస్తుందన్నది ఏ కార్యాలయం దొరికిందన్న దాని మీదే ఆధారపడుతుంది. పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో విద్యా పరిశోధన గ్రాంట్ల వ్యవహారం దగ్గరగా చూడొచ్చు. ఏ ప్రతిపాదన ఎందుకు నెగ్గుతుందో అర్థమవుతుంది. అమెరికా జాతీయ గ్రంథాలయంలాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీరే వేరు. 1876 మార్చి 10న టెలిఫోన్లో తొలిసారి మాట వినిపించిన ప్రయోగాన్ని గ్రాహంబెల్ రాసుకున్న నోటుపుస్తకం, రైట్ సోదరుల పత్రాలు అక్కడే ఉన్నాయి. అలాంటి అసలు పత్రాలను పిల్లలు పరిశీలనగా చదివేలా టీచర్ల కోసం పాఠాలు రాయడం అక్కడి ఫెలో పని. రాయడం ఇష్టమైన వాళ్లకు మా మొదటి ఓటు దీనికే. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుల కార్యాలయంలో వేగం ఎక్కువ. బిల్లు మీద ఒక పేజీ నోట్, విచారణకు ప్రశ్నలు, నియోజకవర్గం నుంచి వచ్చినవాళ్లతో సమావేశాలు. అక్కడ పని అప్పగించే మనిషి ఎవరో తేలకపోతే ఫోన్లు ఎత్తడంతోనే కాలం గడిచిపోతుంది. అందుకే ఇంటర్వ్యూలో మీరూ అడగండి: నా పని చూసేది ఎవరు, వెనకటి ఫెలో ఏం రాసి వెళ్లారు, నేను ఏ సమావేశాల్లో కూర్చుంటాను? సూటిగా జవాబు రాకపోతే మరో కార్యాలయం చూసుకోవాలి.

ఇక డబ్బు. ఇటీవలి సంవత్సరాల్లో స్టైపెండ్ నెలకు 7,500 డాలర్లు, 11 నెలలకు 82,500. ఇల్లు మారడానికి, ఆరోగ్య బీమాకు, వృత్తి సంబంధ ప్రయాణాలకు విడిగా ఇస్తారు. మొత్తం బాగానే కనిపిస్తుంది కానీ వాషింగ్టన్‌లో ఒక బెడ్‌రూం అద్దె సులువుగా 2,000 దాటుతుంది. సొంతూళ్లో ఇంటి లోన్ కూడా ఉంటే కటకటే. పైగా ఇది జీతం కాదు, స్టైపెండ్. ఆదాయపు పన్ను ముందే కోసుకోరు, ఏడాదికి నాలుగు విడతల్లో మీరే కట్టాలి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వచ్చిన దానికి గడువు జనవరి 15. ఈ సంగతి ఏప్రిల్‌లో తెలిస్తే పన్నుతోపాటు జరిమానా కూడా పడొచ్చు. ప్రతి చెక్కులోంచి పన్ను వాటా వేరే ఖాతాలో వేసేయడం మంచిది.

పెన్షన్ మాట చాలామంది మరిచిపోతారు. స్కూల్లో జీతం లేని సెలవు పెట్టి వెళ్తే సర్వీసు లెక్క ఆగిపోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ఆ ఏడాదిని డబ్బు కట్టి కొనుక్కోవచ్చు, రేటు, గడువు మాత్రం రాష్ట్రానికొక తీరు. సెలవు పెట్టకముందే పెన్షన్ కార్యాలయంలో అడగాలి.

మా అసలు అసంతృప్తి తిరిగొచ్చాక జరిగేదాని మీద. ఏడాదంతా గ్రాంట్లూ బిల్లులూ చూసొచ్చిన టీచర్ని మళ్లీ పాత టైమ్‌టేబుల్లో పెట్టేసి, నేర్చుకున్నది అడిగేవాళ్లు లేకపోవడం స్కూళ్లకే నష్టం. దీన్ని ఫెలోషిప్ సరిచేయలేదు, వెళ్లేవాళ్లే కొంత సరిచేసుకోవాలి. సెలవు లేఖలోనే ఏ స్కూలు, ఏ సబ్జెక్టు, ఏ తరగతి అన్నది రాయించుకోండి. వారంలో ఒక పీరియడ్ డిస్ట్రిక్ట్ సైన్స్ పనికి కేటాయిస్తారేమో కూడా అప్పుడే అడగండి, వెళ్లొచ్చాక అడిగితే ఆ ఏడాది టైమ్‌టేబుల్ అప్పటికే ఖరారై ఉంటుంది.