సమ్మర్ ఆఫ్ సోల్: నాలుగేళ్లు చూశాక

ఈ డాక్యుమెంటరీని మొదటిసారి 2021లో ఫోనులో చూశాను. చేయకూడని పని. నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతానికి ప్రాణం బేస్ గిటార్‌లో ఉంటుంది, అది ఫోను స్పీకరులో వినిపించదు. కొన్నాళ్లకు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే, అసలు ఇంతకుముందు చూసింది ఏమిటా అనిపించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఇప్పుడైతే మొదటి నుంచి చూడను, కావలసిన పాట దగ్గరికి వెళ్లిపోతాను.

1969 వేసవిలో న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెంలో, మౌంట్ మోరిస్ పార్కులో ఉచితంగా కచేరీలు జరిగాయి. హాల్ టుల్చిన్ అనే టీవీ దర్శకుడు వాటిని వీడియో తీశాడు. లైట్లకు డబ్బు లేక, ఎండ పడేలా వేదికను పడమటి ముఖంగా కట్టించారు. కొనేవారు లేక ఆ టేపులు దాదాపు 50 ఏళ్లు నేలమాళిగలో పడి ఉన్నాయి. ది రూట్స్ అనే హిప్‌హాప్ బృందంలో డ్రమ్స్ వాయించే క్వెస్ట్‌లవ్ వాటితో ఈ డాక్యుమెంటరీ తీశాడు. దర్శకుడిగా అతనికి ఇదే మొదటిది, ఆస్కార్ కూడా వచ్చింది.

ఎక్కువసార్లు చూసింది భక్తిగీతాల గాయనులు మహేలియా జాక్సన్, మేవిస్ స్టేపుల్స్ కలిసి పాడిన ఘట్టం. మార్టిన్ లూథర్ కింగ్‌కు ఇష్టమైన భక్తిగీతం అది. ఒంట్లో బాగాలేదు, నువ్వు అందుకో అని పెద్దావిడ మహేలియా అడిగిందట. మేవిస్ మొదలుపెడుతుంది. కాసేపటికి మహేలియా లేచి మైకు అందుకుంటుంది, ఇక ఒంట్లో బాగాలేనిది ఎవరికో మనకు అర్థం కాదు. ఇంగ్లీషు రాని మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఈవిడ పాడడం లేదు, దేవుణ్ణి నిలదీస్తోంది" అంది. ఇంత మంచి సమీక్ష నేను రాయలేను.

లోపం ఒకటుంది, చూసేకొద్దీ అది పెద్దదవుతోంది. పాట ఊపందుకునే వేళకు ఎవరో ఒకరు మాట్లాడడం మొదలుపెడతారు. విస్తరి ముందు కూర్చున్నవాడిని ఫోను వచ్చిందని లేపినట్లు ఉంటుంది. 19 ఏళ్ల గాయకుడు స్టీవీ వండర్ డ్రమ్స్ వాయిస్తుంటే వ్యాఖ్యానం ఎవరికి కావాలి? అయితే ఆ మాటల్లో కొన్నింటిని వదులుకోలేను. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన రోజున అక్కడ కచేరీ జరుగుతుంటే, చంద్రయాత్రకు పెట్టిన డబ్బుతో ఇక్కడి పేదల కడుపు నింపవచ్చు కదా అంటారు జనం. చిన్నప్పుడు అక్కడికి వెళ్లినాయన ఒకరు ఆ దృశ్యాలు చూసి కళ్లు తుడుచుకుంటాడు. ఇన్నేళ్లూ అదంతా తన భ్రమేమోనని అనుమానపడ్డాడు మరి.

నాలాగా హిప్‌హాప్ నుంచి వెనక్కి నడిచి సోల్ దగ్గరికి చేరినవారు గాయని నీనా సిమోన్ భాగాన్ని నెమ్మదిగా చూడాలి. ఆమె పాట ఆపి, చేతిలో కాగితం పట్టుకుని ఒక కవిత చదువుతుంది. దాన్ని రాసింది లాస్ట్ పోయెట్స్ బృందానికి చెందిన డేవిడ్ నెల్సన్. డప్పుల మీద కవిత్వం చెప్పిన ఆ బృందాన్ని ర్యాప్‌కు పూర్వీకులంటారు. వాళ్లు తొలిసారి వేదిక ఎక్కింది కూడా 1968లో ఇదే పార్కులో. ఈ సంగతి తెలిశాక ఆ ఘట్టంలో నీనాను వదిలేసి వెనక ఉన్న డ్రమ్స్‌నే వింటున్నాను.

అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ పెద్దావిడ పాటే పెట్టమంటుంది, మధ్యలో మాటలు వస్తే సౌండు తగ్గించేస్తుంది.