ఒపినెల్ 8, విక్టోరినాక్స్ స్పార్టన్: రోజూ జేబులో ఉంచుకోవడానికి ఏ చాకు మేలు?

రోజూ జేబులో ఉంచుకునేందుకు ఒక మంచి మడత చాకు కొనాలనుకునేవారు ఎంతమందిని విచారించినా, చివరికి చాలావరకు రెండు పేర్ల దగ్గరే ఆగుతారు. ఒకటి ఫ్రాన్సులోని సవోయ్ కొండ ప్రాంతంలో పుట్టిన ఒపినెల్ 8వ నంబరు, రెండవది స్విట్జర్లాండుకు చెందిన విక్టోరినాక్స్ స్పార్టన్. రెండూ ఖరీదైన సేకరణ వస్తువులు కావు, రెండింటి వంశాలకూ నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది, రెండింటినీ బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి రెండు చేతులతో తెరవవలసిందే. ఇన్ని పోలికలు ఉన్నప్పటికీ ఇవి వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. ఆ అవసరాల సంగతి పక్కన పెట్టి, ఉక్కు పేర్లనూ కాఠిన్యపు అంకెలనూ మాత్రమే పోల్చి చూసేవారికి ఎంపిక తేలదు.

జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారుచేసినది రైతులూ పశువుల కాపరులూ పని మధ్యలో తీసి వాడుకునే సాదా చాకు. 1897 నాటికి అది 1 నుంచి 12 వరకు నంబర్ల వారీగా పన్నెండు కొలతలలో వచ్చింది. ఒక బ్లేడు, ఒక చెక్క పిడి, ఆ రెండింటినీ కలిపే మేకు, దాని చుట్టూ ఒక లోహపు పట్టీ, 1955లో చేరిన తిరిగే ఉంగరం: ఇంతకు మించి నేటికీ అందులో ఏమీ లేదు. స్పార్టన్ కథ వేరు. 1884లో ఈబాక్ గ్రామంలో, తరువాత విక్టోరినాక్స్‌గా మారిన కార్ఖానాను పెట్టిన కార్ల్ ఎల్సెనర్, 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టాడు. సైనికుడికి ఆహారపు డబ్బా తెరవడానికీ, తుపాకీ మరలు విప్పడానికీ కూడా ఒకే వస్తువు ఉపయోగపడాలన్నది అక్కడి అవసరం. 1897లో ఆయన నమోదు చేయించిన అధికారుల చాకులో రెండవ బ్లేడూ, సీసా బిరడా లాగే కార్క్‌స్క్రూ కూడా చేరాయి. నేటి స్పార్టన్‌లోని పనిముట్ల వరుస దాదాపుగా అదే.

ముందుగా కోత సంగతి చూద్దాం. ఒపినెల్ 8 బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, స్పార్టన్ పెద్ద బ్లేడు దాదాపు 7 సెంటీమీటర్లు. కాగితం మీద ఒకటిన్నర సెంటీమీటరు తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కాని, ఒక పెద్ద ఆపిల్‌ను నిలువునా కోసేటప్పుడు అదే తేడా చేతికి తెలిసివస్తుంది. ఒపినెల్ బ్లేడు వెన్ను నుంచి అంచు దాకా వెడల్పుగా ఉండి క్రమంగా పలుచబడుతుంది కనుక కండలోకి దిగి, నెట్టనవసరం లేకుండా అవతలి పక్కకు వస్తుంది. స్పార్టన్ బ్లేడు కూడా పలుచనిదే, కాని పొడవు చాలదు కాబట్టి కాయను చుట్టూ తిప్పుతూ కోయవలసి వస్తుంది, చివరలో కొద్దిగా మెలితిప్పి విడదీయవలసి వస్తుంది. రొట్టె, జున్ను, గట్టి తొక్క ఉన్న పండ్లు, కూరగాయలు, దేనితో చూసినా ఇదే ఫలితం. పుల్ల చెక్కడం వంటి పనుల్లో తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ బ్లేడుతో పాటు పిడి కూడా పనిచేస్తుంది. ఒపినెల్‌కు బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన గుండ్రని పిడి అరచేతిని నింపుతుంది, ఎటు తిప్పి పట్టుకున్నా ఒత్తుకోదు. స్పార్టన్‌ను గట్టిగా పట్టుకుని పది నిమిషాలు చెక్కితే, లోపల మడిచి ఉన్న పనిముట్ల అంచులూ, వెనుకవైపున కార్క్‌స్క్రూ ఒంపూ వేళ్లకు తగులుతూనే ఉంటాయి. కోత ఒక్కటే కొలమానమైతే ఈ పోలిక ఇక్కడితో ముగిసిపోయేది.

భద్రత విషయంలోనూ ఒపినెల్‌దే పైచేయి. బ్లేడు తెరిచిన తరువాత ఉంగరాన్ని బొటనవేలితో పక్కకు తిప్పితే, ఉంగరంలోని సందు బ్లేడు మడమ మీది నుంచి తప్పుకుని, బ్లేడు మడతపడే దారి మూసుకుపోతుంది. 2000వ సంవత్సరం నుంచి వస్తున్న చాకులలో మూసి ఉన్నప్పుడు కూడా ఉంగరం తిప్పి బిగించవచ్చు కాబట్టి సంచిలో అనుకోకుండా తెరుచుకుంటుందన్న భయం లేదు. స్పార్టన్‌లో తాళం లేదు. వెన్ను స్ప్రింగు బ్లేడును తెరిచి పట్టి ఉంచుతుందే కాని, బలంగా వెనక్కి నెడితే ఆపదు. అందువల్ల మొనతో పొడిచి రంధ్రం చేయడం, ఇరుక్కుపోయిన బ్లేడును వెనక్కి లాగడం వంటివి దానితో చేయకూడదు, చేస్తే అది వేళ్ల మీదికి మడతపడుతుంది. అయితే ఉంగరం దానంతట అది తిరగదు. తెరిచిన ప్రతిసారీ తిప్పాలి, మూసే ముందు మళ్లీ తిప్పాలి. తొందరలో తిప్పడం మానేసేవారికి ఒపినెల్ తాళం ఉండీ లేనట్లే.

ఇక తేమ దగ్గరకు వచ్చేసరికి బొమ్మ తిరగబడుతుంది. చెక్క నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఒపినెల్ తడిసినా, ముసురు వాతావరణంలో కొన్నాళ్లు గడిపినా, పిడిలోని చీలిక బిగుసుకుపోయి బ్లేడు గోటికి లొంగదు. దానికి సవోయ్ వారి ఉపాయం ఒకటి ప్రసిద్ధం: ఉంగరాన్ని తెరిచే స్థానంలో ఉంచి, పిడి చివరి భాగాన్ని బల్ల అంచుకేసి కొడితే, ఆ అదురుకు బ్లేడు కొద్దిగా పైకి వస్తుంది, అప్పుడు వేళ్లతో పట్టి లాగవచ్చు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది కాని, రోజువారీ పనిముట్టుకు ఇటువంటి ఉపాయం అవసరం కావడం గొప్పేమీ కాదు. ఆరబెట్టి కీలు దగ్గర అవిసె నూనె పట్టిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఒపినెల్‌లో ఉక్కును కూడా ఎంచుకోవలసి ఉంటుంది. కార్బన్ ఉక్కుతో ఒక రకం, 12సీ27 అనే స్టెయిన్‌లెస్ ఉక్కుతో మరొక రకం దొరుకుతాయి. కార్బన్ ఉక్కు సాన మీద తేలికగా పదును పట్టుకుంటుంది, అందుకే పాతకాలపు అభిరుచి ఉన్నవారు దానినే కోరుకుంటారు. కాని నిమ్మకాయ కోసి తుడవకుండా ఉంచితే కొద్దిసేపటికే బ్లేడు మీద బూడిదరంగు మచ్చలు తేలతాయి, పుల్లని పండు ముక్కలకు ఇనుప వాసన అంటుతుంది, తడితోనే మడిస్తే తుప్పు మొదలవుతుంది. చెమట పట్టే జేబులో ఉండవలసిన చాకుకు ఇది తగిన స్వభావం కాదు, కాబట్టి ఒపినెల్ తీసుకునేవారు స్టెయిన్‌లెస్ రకాన్నే తీసుకోవడం మంచిది. స్పార్టన్‌లో ఈ తర్జనభర్జన లేదు. దాని ఉక్కు మెత్తనిది, కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. పదును త్వరగానే తగ్గుతుంది, కాని సాధారణ సానరాయి మీద కొద్దిసేపట్లో తిరిగి వస్తుంది. జిగట పట్టిందనిపిస్తే మొత్తం చాకును గోరువెచ్చని నీటిలో తెరుస్తూ మూస్తూ కడిగి, ఆరిన తరువాత కీళ్లలో ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది. ఒపినెల్‌ను అలా నీటిలో ముంచలేము.

పనిముట్ల విషయంలో పోటీయే లేదు. ఒపినెల్ కోస్తుంది, అంతే. స్పార్టన్‌లో రెండు బ్లేడులతో పాటు డబ్బా తెరిచే కొక్కెం, సీసా మూత తీసేది, తోలుకు రంధ్రం వేసే ములుకు, కార్క్‌స్క్రూ, పిడి అంచులో దాగి ఉండే చిన్న పట్టకారు, పళ్ల పుల్ల ఉంటాయి. డబ్బా కొక్కెం మొన చిన్న మరలకు, నక్షత్రపు తల ఉన్న వాటికి కూడా సరిపోతుంది, మూత తీసే దాని చివర పెద్ద మరలకు పనికివస్తుంది. వీటన్నిటిలో నిజంగా విలువైనది, ఎవరూ అంతగా చెప్పుకోని ఆ చిన్న బ్లేడే అని నా అభిప్రాయం. పార్సిల్ పెట్టెల జిగురు టేపు, ప్లాస్టిక్ కట్లు వంటి మురికి పనులన్నీ దానికి అప్పగిస్తే పెద్ద బ్లేడు తిండి పదార్థాల కోసం శుభ్రంగా, పదునుగా మిగులుతుంది. ఒకే బ్లేడున్న ఒపినెల్‌తో టేపు కోసిన తరువాత పండు కోయాలంటే ముందు జిగురు వదిలించుకోవాలి.

బరువులో తేడా స్వల్పమే: ఒపినెల్ 8 సుమారు 45 గ్రాములు, స్పార్టన్ సుమారు 60 గ్రాములు. కాని మూసినప్పుడు ఒపినెల్ పొడవు 11 సెంటీమీటర్లు, స్పార్టన్ పొడవు 9.1. గుండ్రని పిడి కావడంతో ఒపినెల్ జేబులో అడ్డంగా తిరిగి, కూర్చున్నప్పుడు తొడకు ఒత్తుకుంటుంది. చిన్నదిగా, చదునుగా ఉండే స్పార్టన్ జేబు అడుగున పడి ఉన్న సంగతే మరిచిపోతాము.

తాళం ఉండటం మంచిదే అయినా అన్నిచోట్లా చెల్లదన్నది కొనేముందే తెలుసుకోవలసిన విషయం. ఉదాహరణకు బ్రిటన్‌లో తగిన కారణం చూపకుండా బహిరంగ ప్రదేశాల్లో దగ్గర ఉంచుకోదగిన మడత చాకుకు తాళం ఉండకూడదు, బ్లేడు అంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు, మించకూడదు. స్పార్టన్ ఈ రెండు షరతులకూ లోబడుతుంది, ఒపినెల్ 8 రెండింటినీ దాటుతుంది. ప్రతి దేశానికీ తన నియమం ఉంటుంది కాబట్టి ఉండే చోటా, వెళ్లే చోటా చట్టం చూసుకోవాలి. విమాన ప్రయాణంలో మాత్రం రెండింటినీ చెక్-ఇన్ సామానులోనే పెట్టడం క్షేమం.

ఇవన్నీ తూచి చూస్తే, రోజూ జేబులో ఉండవలసిన ఒకే ఒక్క చాకుగా నేను స్పార్టన్‌నే సూచిస్తాను. అది ఒపినెల్ కన్నా మంచి చాకు కాదు. కాని రోజంతా చాకు అవసరమయ్యే సందర్భాల్లో సగం మూత, మర, ముల్లు, టేపుల పనులే, ఆ పనుల్లో బ్లేడు పొడవు అక్కరకు రాదు. మధ్యాహ్న భోజనం తన చేతులతో కోసుకుని తినేవారూ, తోటపని చేసేవారూ, పుల్లలు చెక్కే సరదా ఉన్నవారూ ఈ సలహాను పక్కన పెట్టి నిశ్చింతగా ఒపినెల్ తీసుకోవచ్చు. అయితే జేబు కోసమైతే 8వ నంబరుకు బదులు 8 సెంటీమీటర్ల బ్లేడున్న 7వ నంబరునో, 7 సెంటీమీటర్ల 6వ నంబరునో చూడాలి. ఉంగరపు తాళం 6వ నంబరు నుంచే మొదలవుతుంది, అంతకన్నా చిన్నవాటికి ఉండదు. స్పార్టన్ వైపు మొగ్గినవారు కార్క్‌స్క్రూ తమకు పనికివస్తుందో లేదో ఒకసారి ఆలోచించుకోవాలి. అక్కరలేనివారికి అల్యూమినియం పిడితో వచ్చే, ఇంకా పలుచనైన విక్టోరినాక్స్ వారి కెడెట్ నప్పుతుంది, కత్తెర కూడా కావాలనుకునేవారు కొంచెం మందం పెరిగినా వారిదే క్లైంబర్ తీసుకోవచ్చు.