లాక్ తీయించుకున్న ఫోన్‌లో ఇండియా నంబర్: డల్లాస్ నుంచి ఏడాది దాటిన అనుభవం

అమెరికాలో ‘ఫోన్ ఫ్రీ’ ఆఫర్ ఎలా ఉంటుందో ఇక్కడున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. నేను తీసుకున్న మొబైల్ నెట్‌వర్క్ కంపెనీ వాళ్లు ఫోన్ ధరను 36 నెలల వాయిదాలుగా బిల్లులో వేస్తారు, నెలనెలా అంత మొత్తాన్నీ క్రెడిట్‌గా తీసేస్తారు. అప్పు తీరేదాకా ఫోన్ వాళ్ల లాక్‌లోనే. నా కోపమంతా ఆ లాక్ మీదే.

లాక్ ఉన్న ఫోన్ వేరే కంపెనీ సిమ్‌ను తీసుకోదు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే లోడ్ చేసుకునే సిమ్) అయినా సరే. అందుకని నా ఇండియా సిమ్ పాలకొల్లులో అమ్మ ఫోన్‌లో ఉండేది. బ్యాంకు పనికైనా, జులైలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుకైనా ఓటీపీ ఆ నంబర్‌కే. నాకు ఇక్కడ మధ్యాహ్నం ఖాళీ దొరికేసరికి అక్కడ అర్ధరాత్రి దాటేది. అమ్మను నిద్ర లేపి, కళ్లజోడు వెతికించి, ఆరంకెలు చదివించుకునేవాణ్ని. ఆవిడ చదివేలోపే టైం అయిపోతే మళ్లీ మొదటికి. సెలవుల్లో ఊరు వెళ్లినా అంతే. యూపీఐ యాప్ మొదలుపెట్టాలంటే బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ నుంచి, అదే ఫోన్‌లోంచి మెసేజ్ వెళ్లాలి. మందుల షాపులో కూడా మా బావమరిదే స్కాన్ చేసి కట్టేవాడు.

చివరికి మిగిలిన వాయిదాలు, దాదాపు 350 డాలర్లు, ఒకేసారి కట్టేశాను. దాంతో రావాల్సిన క్రెడిట్లు ఆగిపోయాయి. అది బాధగానే అనిపించింది. అన్‌లాక్ మాత్రం ఇంత తేలిగ్గా అవుతుందనుకోలేదు. రిక్వెస్ట్ పెట్టాక రెండు రోజుల్లో సెట్టింగ్స్‌లో క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని వచ్చింది. ఫోన్‌లో ఉన్నదేదీ పోలేదు. ఆన్‌లైన్‌లో పాతిక డాలర్లకే అన్‌లాక్ చేస్తామనే వాళ్ల జోలికి వెళ్లకండి. ఐఫోన్‌కైతే లాక్ వివరం ఆపిల్ సర్వర్లలో ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) మీద ఉంటుంది, దాన్ని తీయించాల్సింది మీ కంపెనీయే.

ఆ తర్వాతి సంక్రాంతికి వెళ్లినప్పుడు భీమవరంలో ఇండియా నంబర్‌ను ఈసిమ్‌గా మార్పించాను. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి సిమ్ ట్రేనే లేదు కాబట్టి ఇంకో దారి లేదు. ఇప్పుడు రెండు నంబర్లూ ఒకే ఫోన్‌లో ఉన్నాయి, ఓటీపీ నా చేతిలోకే వస్తోంది. అమ్మకు అర్ధరాత్రి ఫోన్లు తప్పాయి. నాకు ఇంతకన్నా పెద్ద లాభం లేదు.

రోజూ సాఫీగా ఉందని మాత్రం చెప్పలేను. రోమింగ్ ఆన్‌లోనే ఉంచాలి, రీఛార్జ్ గడువు దాటనివ్వకూడదు. అయినా ఒక్కోసారి ఓటీపీ ఆలస్యంగా వస్తుంది.

ఇక డబ్బు సంగతి. క్రెడిట్లు రావాలంటే ఖరీదైన అన్‌లిమిటెడ్ ప్లాన్‌లోనే ఉండాలి, పన్నులతో నెలకు 85 డాలర్ల పైనే అయ్యేది. లాక్ పోయాక, పెద్ద కంపెనీల టవర్ల మీదే నడిచే ఒక చిన్న ప్రీపెయిడ్ కంపెనీకి మారాను. ఏడాదికి ఒకేసారి కడితే నెలకు 15 డాలర్లు పడింది. కట్టిన 350 ఐదారు నెలల్లోనే తిరిగొచ్చింది. కాకపోతే రద్దీలో పెద్ద కంపెనీ సొంత కస్టమర్లకే ముందు డేటా అందుతుంది. ఉగాదికి గుడి దగ్గర జనం ఎక్కువైతే నా ఫోన్‌లో మ్యాప్ కూడా తెరుచుకోదు. సమస్య వస్తే వెళ్లి అడగడానికి షాపు కూడా లేదు.

నాది ఒకటే లైను, ఇంట్లో వైఫై ఉంది, ఏటా ఇండియా వెళ్తాను. అందుకే నాకు కుదిరింది. నాలుగైదు లైన్ల ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటే లైనుకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది కాబట్టి ఈ లెక్క పనికిరాకపోవచ్చు. వాయిదాలు ఇంకా రెండేళ్లు మిగిలుంటే, ముందే కట్టేస్తే క్రెడిట్లు కొనసాగుతాయో ఆగిపోతాయో మీ ఒప్పందంలో చూసుకున్నాకే కట్టండి.