ఏళ్ల తరబడి జింప్ వాడాక నా రివ్యూ

2.8 వెర్షన్ రోజుల నుంచీ జింప్ (ఫోటోలు ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడుతున్నా, ఎక్కువగా పాత ఫోటోలు స్కాన్ చేసి బాగుచేయడానికి, అప్పుడప్పుడు పోస్టర్లకి. ఫోటోషాప్ లాగే ఉంటుందా అంటే ఉండదండీ, అలా ఉంటుందనుకుని దిగితే నాలుగు రోజులకే విసుగొచ్చి తీసేస్తారు.

గీతలు పడ్డ ఫోటోలకి దీని హీల్ టూల్ చాలు. గీత కన్నా కాస్త పెద్ద బ్రష్ పెట్టుకుని, కంట్రోల్ నొక్కి పక్కన శుభ్రంగా ఉన్నచోట ఒక క్లిక్ కొట్టి, ఆ గీత మీద రుద్దుకుంటూ పోవడమే, రంగూ వెలుతురూ చక్కగా కలిసిపోతాయి. కానీ ముఖం అంచు దగ్గర, వెనకాల చీకటిగా ఉన్నచోట హీల్ వాడారంటే ఆ నలుపు బుగ్గ మీదకి మసిలా పాకుతుంది, అక్కడ రంగులు కలపకుండా ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్ టూల్‌కి మారిపోవాలి. ఏం చేసినా లేయర్ (బొమ్మ మీద పొరలా ఉండేది) డూప్లికేట్ చేసుకునే చేయండి, అసలుది చెడకుండా ఉంటుంది.

2018లో 2.10తో రంగుల్ని ఇంకా సూక్ష్మంగా పట్టే 16, 32 బిట్ ఎడిటింగ్ వచ్చింది, మంచిదే. నాకు మాత్రం అసలు మార్పు 2025 మార్చిలో వచ్చిన 3.0. అంతకుముందు బ్లర్ కొట్టి ఓకే అన్నామంటే అంతే సంగతులు, అన్‌డూ తప్ప దారి లేదు. ఇప్పుడు లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ గుర్తు వస్తుంది, అది నొక్కి ఆ బ్లర్‌ని రేపైనా ఎల్లుండైనా తగ్గించుకోవచ్చు, జింప్ సొంత ఫైల్ రకమైన ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ చేసి ఉంటే చాలు. పేస్ట్ చేసింది ఫ్లోటింగ్ సెలక్షన్‌గా వేలాడకుండా నేరుగా కొత్త లేయర్ అవడం కూడా హాయి (ఇన్నేళ్లు ఎందుకు ఆగారో!). పాత పైథాన్ 2తో రాసిన ప్లగిన్లు (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) మాత్రం పనిచేయవు, వాటి మీదే ఆధారపడినవాళ్లు చూసుకుని అప్‌డేట్ చేయండి.

సేవ్ కొడితే జేపెగ్ రాదని చాలామంది తిట్టుకుంటారు, దానికి ఎక్స్‌పోర్ట్ వేరే ఉంది, నాకైతే అదే నయం, లేయర్లన్నీ ఒక్క సేవ్‌తో పోకుండా ఉంటాయి. చిరాకు పెట్టేది గుండ్రం గీయడం, 3.0లో కూడా ఎలిప్స్ సెలక్షన్ పెట్టి స్ట్రోక్ చేయాల్సిందే (అంటే దాని అంచు వెంట గీత వేయించడం). ప్రింటింగ్ రంగుల పద్ధతైన సీఎంవైకే మోడ్‌లో నేరుగా ఎడిట్ చేయడమూ కుదరదు, ప్రింటులో ఎలా వస్తుందో స్క్రీన్ మీద ప్రూఫ్ చూసుకోవచ్చు, జేపెగ్ లాంటి వాటిని సీఎంవైకేలో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు అంతే, అందుకని ప్రింటుకి వెళ్లేదైతే ఫోటో వరకు ఇందులో సరిచేసి, లేఅవుట్ స్క్రైబస్‌లో (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్) పెట్టి అక్కడినుంచే పీడీఎఫ్ తీస్తా.